మూసినా వినిపిస్తోంది

ఎడమచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది. చెవుల మేస్త్రి కుడిచేత్తో మాత్రమే ఆంప్లిఫయర్ పొట్టలోకి, మిగిలిన కరెంటుని వదిలించే క్లిప్పు దించి, పెదవులు కదుపుతూ ముప్ఫై దాకా లెక్కపెట్టుకుంటున్నాడు. ప్లగ్గు పీకి పది నిమిషాలు దాటింది. అయినా గాజు వాల్వుల ఆంప్లిఫయర్‌ని నమ్మకూడదు. కరెంటు ఆపేసినా దాని కడుపులోని కెపాసిటర్లు నాలుగు వందల వోల్టులు దాచుకుని, పగబట్టినట్టు పడుకుని ఉంటాయి. రెండు చేతులూ లోపల పెడితే ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా వాటికి దారి దొరుకుతుంది. మీటరు ముల్లు సున్నా మీదికి వాలాక గాని ఎడమచెయ్యి బయటికి రాలేదు. ముప్ఫై ఏడేళ్లుగా రోజూ ఇదే వరస. ఒక్కరోజూ తప్పలేదు కాబట్టే మనిషి మిగిలాడు.

బల్ల మీద బోర్లా పడుకున్న ఈ పెట్టె రావడం ఇది మూడోసారి. గడ్డపాయన గిటారు ఆంప్లిఫయర్ అది. ఏడాది కిందట లోపలి తీగల మీద తొడుగులు పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంటే, మేస్త్రే ఉన్నవన్నీ పీకేసి కొత్త తీగలు వేసిచ్చాడు. అప్పట్నుంచే మొదలైంది గోల.

గోలంటే మరీ పెద్దదేం కాదు. ఆంప్లిఫయర్ వెనకవైపు రెండు రంధ్రాలుంటాయి. ముందు వాల్వుల్లో తయారైన ధ్వని ‘సెండ్’ అనే రంధ్రంలోంచి బయటికెళ్లి, ప్రతిధ్వనులు పుట్టించే పెట్టెలోనో, కాలితో తొక్కే వాల్యూం పెడల్లోనో తిరిగి, ‘రిటర్న్’ అనే రంధ్రంలోంచి మళ్లీ లోపలికొచ్చి, చివరి వాల్వులు దాటి స్పీకరుకి చేరుతుంది. దాన్ని ఎఫెక్ట్స్ లూప్ అంటారు. బయట పెడల్ పూర్తిగా మూసేస్తే స్పీకర్లో ఏమీ వినపడకూడదు. గడ్డపాయనకి మాత్రం వినపడుతోందట. పెడల్ మూసేశాక కూడా గిటారు సన్నగా, గోడవతల ఎవరో మీటుతున్నట్టు వస్తోందట.

మేస్త్రికి అది వినపడలేదు. మొదటిసారీ వినపడలేదు, రెండోసారీ వినపడలేదు.

అయినా చెయ్యాల్సినవన్నీ చేశాడు. వెళ్లే ధ్వనికీ వచ్చే ధ్వనికీ ఒకే వాల్వులో చెరో సగం వాడతారు. ఆ రెండు సగాల మధ్య కారుతోందేమోనని మూడు కొత్త వాల్వులు మార్చి చూశాడు. రిటర్న్ రంధ్రంలో ప్లగ్గు పెట్టగానే విడిపోవాల్సిన రేకు సరిగా విడిపోవట్లేదేమోనని స్పిరిట్‌తో కడిగాడు, నచ్చక ఆ రంధ్రాన్నే కొత్తది బిగించాడు. ఎర్తు టాకాలన్నీ కరిగించి మళ్లీ వేశాడు. సెట్టు ఆన్‌లో పెట్టి, వెదురుపుల్లతో ఒక్కో తీగనీ పొడిచి చూశాడు. ఈ ఉదయం ఇదంతా మొదట్నుంచీ మళ్లీ చేశాడు. పెడల్ మూసినదానికి బదులుగా రిటర్న్‌లో రెండు కొసలూ కలిపేసిన ఉత్త ప్లగ్గు పెట్టి, ముందున్న వాయిద్యాల షాపులోంచి తెచ్చిన గిటారు మీటి, స్పీకరుకి ఆనేటంత దగ్గరగా తల వంచి విన్నాడు.

ఏమీ లేదు. నిశ్శబ్దం. దాని దుంపతెగ, నిశ్శబ్దమే.

“లేని జబ్బుకి మందెక్కణ్నుంచి తేను?” అన్నాడు గోడకేసి చూసి.

*

పదకొండింటికి గడ్డపాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. నాటకాల్లో పక్కన కూర్చుని వాయించే మనిషి. పెద్దవాళ్లెదుట గొంతు పెంచడం అలవాటు లేనివాడు. అదే ఇవాళ మేస్త్రికి మరీ మంటెక్కించింది.

“ఏమైనా తెలిసిందా మేస్త్రిగారూ?”

“తెలియడానికి ఉంటేగా! ఇదిగో, నువ్వే మీటు.”

గడ్డపాయన గిటారు తీసుకుని, పైతీగ మీద వేలితో చిన్నగా గిల్లాడు. తల పక్కకి వంచాడు. ఇంకోసారి గిల్లాడు. మొహంలో ఇబ్బంది కనిపించింది.

“ఉందండీ. సన్నగా.”

“ఎక్కడా?”

“స్పీకర్లోంచేనండీ. కింది స్వరాలు రావట్లేదు. పై స్వరాలు మాత్రం పీలగా కారుతున్నాయి.”

మేస్త్రి చెవి పెట్టాడు. తీగ మీద వేలు తగిలిన చప్పుడు గిటారు దగ్గర్నుంచి వినపడింది. స్పీకర్లోంచి ఏమీ రాలేదు.

“నీ చేతిలో గిటారు మోగుతోందయ్యా, అది వింటున్నావ్ నువ్వు.”

“కాదండీ. మొన్న నాటకంలో తల్లి కొడుకు ఉత్తరం చదివి ఏడ్చే చోట, పెడల్ మూసేసి తర్వాతి పాటకి శ్రుతి చేసుకుంటున్నాను. మూసేశాను కదా అని ధైర్యం. హాలంతా వినపడిందండీ. ఆవిడ ఏడుస్తుంటే వెనక టింగు టింగుమంటూ నా శ్రుతి. ముందు వరసలో జనం కిసుక్కున నవ్వారు. ఆవిడ తెర వెనక్కొచ్చి నాతో మాట్లాడలేదు.” నేలకేసి చూస్తూ అన్నాడు. “రేపు మళ్లీ అదే నాటకం. మీరు తీగలు మార్చినప్పట్నుంచే కదా ఇది, ఒకసారి ఆ తీగల దారేమైనా…”

అంతే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మేస్త్రి లేచి నిలబడ్డాడు.

“నా వైరింగుకి వంక పెడతావా? రా, చూడు. ఇంత శుభ్రంగా వేసినవాణ్ని ఇంకొకణ్ని చూపించు. ఆంప్లిఫయర్‌కేం రోగం లేదు. నువ్వెళ్లి ముందు చెవి డాక్టరుకి చూపించుకో!”

గది చిన్నది. మాట గట్టిగా తగిలింది. గడ్డపాయన గిటారుని జాగ్రత్తగా గోడకి ఆనించాడు. “సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను. బాగైనా, కాకపోయినా,” అని వెళ్లిపోయాడు.

బయట షాపు నడిపే అమ్మాయి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆవిడ నాన్న ఉన్నప్పట్నుంచి మేస్త్రి ఇక్కడే పనిచేస్తున్నాడు. ఆవిడకి ఇప్పుడు నలభై దాటినా మేస్త్రికి అమ్మాయే.

“ఎందుకు బాబాయ్ అంత గట్టిగా అరిచారు? కొనేవాళ్లు భయపడుతున్నారు.”

“నేనెక్కడ అరిచానమ్మాయ్?”

ఆవిడ ఏదో అనబోయి మానేసింది. ఈమధ్య అందరూ అదే పని చేస్తున్నారు. ఏదో అనబోవడం, మానెయ్యడం.

*

ఆ గది షాపు వెనకాల ఉంటుంది. ఒక కిటికీ, ఒక బల్ల, గోడకి మేకుల మీద చుట్టలు చుట్టిన వైర్లు, టాకాల పొగకి నల్లబడ్డ పైకప్పు. ముప్ఫై ఏడేళ్లు ఆయన ఈ గదిలోనే కూర్చున్నాడు. ఏ వాయిద్యమూ వాయించలేడు, రెండు పాటలు వరసగా గుర్తుండవు. కాని ఏ వాల్వు పోయిందో మూత తియ్యకుండానే చెప్పేవాడు. వీధి అవతల హోటల్లో రేడియో పాడుతుంటే, ఇక్కణ్నుంచి విని, “వారంలో దాని కండెన్సర్ పోతుంది చూడు,” అన్నాడొకసారి. ఐదో రోజుకే పోయింది. ఆ పేరు అప్పుడొచ్చిందే, చెవుల మేస్త్రి. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

పెళ్లి మాటలకని ఒకింటికి వెళ్తే, పక్కగదిలో రేడియో గరగరమంటోందని లేచివెళ్లి విప్పి కూర్చున్నాడట. రేడియో బాగుపడింది. సంబంధం కుదరలేదు. ఆ తర్వాత ఇంకో సంబంధం ఆయనా వెతకలేదు, ఆయన్నీ ఎవరూ వెతకలేదు. చెల్లెలు మొగుణ్ని వదిలేసి వచ్చాక అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు, పద్దెనిమిదేళ్లయింది.

బల్ల మీద మూలన, గుడ్డ కప్పిన ఆసిలోస్కోపు ఉంది. ధ్వనిని తెర మీద అలలుగా చూపించే యంత్రం. అమ్మాయి ముచ్చటపడి కొనిపెట్టింది. దాని గుడ్డ తీసింది రెండేళ్లలో ఏ రెండుసార్లో. “కళ్లతో వినేవాడు మెకానిక్ ఏంటమ్మాయ్?” అనేవాడు.

ఒంటిగంట దాటింది. ఆకలి కూడా కోపంలో కలిసిపోయింది. భోజనం డబ్బా ఇంట్లోనే మర్చిపోయి వచ్చాడు. పొద్దున టీవీ సౌండు గురించి చెల్లెలితో గొడవపడి, విసురుగా బయల్దేరిన ఫలితం. మళ్లీ స్విచ్చి వేశాడు. వాల్వులు ఎర్రబడేదాకా ఆగి, ధ్వని పుట్టించే చిన్న జనరేటర్ పెట్టెని ఆంప్లిఫయర్‌కి తగిలించాడు. మనిషి మీటితే ఒకసారి ఒకలా ఉంటుంది. యంత్రం ఒకే స్వరాన్ని విసుగు లేకుండా కూస్తూ ఉంటుంది. స్వరం ఎత్తు చూపించే ముల్లుని నాలుగు వందల హెర్ట్జ్ మీద పెట్టాడు. ఏమీ లేదు. కసికొద్దీ చివరిదాకా, నాలుగు వేల దాకా తిప్పేశాడు.

ఏమీ లేదు.

“ఏంటన్నయ్యా ఆ కీచులాట!”

తల తిప్పి చూశాడు. గుమ్మంలో చెల్లెలు, చేతిలో డబ్బా, రెండో చెయ్యి చెవి మీద.

“ఏ కీచులాట?”

“అదే, ఆ పెట్టెలోంచి. సన్నగా సూది గుచ్చినట్టు. షాపులోంచే వినపడుతోంది. ఎలా కూర్చున్నావు దీని పక్కన?”

“ఇందులోంచా?”

“మరి నాలోంచా?”

మేస్త్రి జనరేటర్ కట్టేశాడు. చెల్లెలు చెవి మీంచి చెయ్యి తీసింది. మళ్లీ వేశాడు. చెయ్యి మళ్లీ చెవి మీదికెళ్లింది. ఈ ఆటేంటన్నట్టు చూసిందావిడ. ఇరవై తొమ్మిదేళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజిలో చెవికి యంత్రం తగిలించుకుని బతికిన మనిషి. ఎన్ని గొంతుల్లోంచైనా కావాల్సిన గొంతుని ఏరుకోగలదు.

ఆయన ముందుగా చేసిన పని, జనరేటర్ వైరు మార్చడం. వైరు పాడై ఉంటుంది. మార్చాడు. తనకేమీ వినపడలేదు, ఆవిడ మొహం చిట్లించింది. స్పీకరు పాడేమో. షాపులోంచి ఇంకోటి మోసుకొచ్చి తగిలించాడు. అదే కథ. ఆఖరికి ఆంప్లిఫయర్‌ని పక్కనపెట్టి, జనరేటర్‌ని ఇంకో చిన్న సెట్టుకి తగిలించి వాల్యూం సగానికి పెంచాడు. షాపులోంచి అమ్మాయి “బాబాయ్!” అని కేక పెట్టడం వినపడింది. ఆ కేక వినపడింది. కేకకి కారణమైంది మాత్రం వినపడలేదు.

ముల్లు మెల్లగా వెనక్కి తిప్పుకుంటూ వచ్చాడు. మూడున్నర వేలు. మూడు వేలు. రెండు వేల మూడు వందల దగ్గర, దుప్పటి కింద నుంచి వచ్చినట్టు, ఒక కూత ఆయనకి అందింది.

ముల్లుని అక్కడే ఆపాడు.

“అన్నయ్యా,” అంది చెల్లెలు, స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చుంటూ. “కుక్కరు పక్కనే ఉండి కూడా కూతలు లెక్కపెట్టవని తిట్టుకునేదాన్ని. బద్ధకం అనుకున్నాను.”

“నేను నీ గొంతు చిన్నబోయిందనుకున్నాను,” అన్నాడాయన. “పెద్దదానివవుతున్నావు కదా అని.”

ఆవిడ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన తినలేదు. స్పీకర్లకి అడుగు దూరంలో తలపెట్టి, నిండు వాల్యూంలో, రోజుకి పది సెట్లు పరీక్ష చేసిన ముప్ఫై ఏడేళ్లు. ఎవరో ఎత్తుకుపోయింది కాదు. ఆయనే రోజుకి కాస్త చొప్పున పారబోసుకున్నాడు.

ఆంప్లిఫయర్ మీద మళ్లీ కోపం వచ్చింది. కోపం రావడం మంచిదే అయింది, చేతులు కదిలాయి.

*

జనరేటర్‌ని మళ్లీ గడ్డపాయన ఆంప్లిఫయర్‌కి తగిలించి, ఆసిలోస్కోపు మీది గుడ్డ తీసి దాన్ని స్పీకరుకి కలిపాడు. తెర మీద పచ్చటి గీత అడ్డంగా, తిన్నగా సాగింది. జనరేటర్ వెయ్యగానే ఆ గీత సన్నగా వణికింది. ఉంది. ఏడాదిగా లేదని ఒట్టేసి చెప్పింది ఉంది, పళ్లికిలిస్తూ. నాలుగు వందల దగ్గర గీత కదల్లేదు. నాలుగు వేల దగ్గర బాగా వణికింది. పైస్వరాలు మాత్రమే కారుతున్నాయంటే ఏ టాకా తప్పూ కాదు, వాల్వు తప్పూ కాదు. ఎక్కడో రెండు తీగలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండి, ఒకదాని మాట ఇంకోదానికి అంటుతోంది. తాకకుండానే అంటుతుంది, పైస్వరాలకి ఆ మాత్రం దారి చాలు.

“నువ్విక్కడ కూర్చో. నేను పుల్లతో కదుపుతాను. తగ్గిందో పెరిగిందో చెప్పు.”

“తెర మీద కనిపిస్తోందిగా నీకు?”

“తెర కేసి చూస్తే చేతికేసి చూడలేను. లోపల నాలుగు వందల వోల్టులున్నాయి.”

ఆవిడ కళ్లు మూసుకుంది. ఆయన ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

“ఇప్పుడు?” “అలాగే ఉంది.” “ఇప్పుడు?” “అంతే.” “ఇది?” “ఊహూ.” ఇరవై నిమిషాలు గడిచాయి. చెమట కనుబొమ్మ మీంచి కంట్లోకి దిగింది. ఒక తీగని వంచితే, “ఆగు, కొంచెం పెరిగింది,” అంది. దాన్ని ఇటు లాగితే, “ఇందాకట్లాగే ఉంది,” అంది. ఆయన పుల్ల విసిరికొట్టాడు. వెంటనే దాన్ని తనే వంగి తెచ్చుకున్నాడు.

అప్పుడు చూశాడు దాన్ని. పెట్టె అంచు వెంట గీత గీసినట్టు పోతున్న తీగల కట్ట. ముందు వాల్వుల నుంచి సెండ్ వైపు వెళ్లే తీగా, రిటర్న్ దాటి వచ్చి చివరి వాల్వుల్లోకి పోయే తీగా, ఆ రెండూ జానెడు పొడుగున పక్కపక్కనే, మైనం పూసిన దారంతో అంగుళానికో ముడి చొప్పున కట్టేసి ఉన్నాయి. పుల్లతో పొడిచినప్పుడల్లా కట్ట మొత్తం కలిసి కదిలింది గాని ఆ రెండూ విడిపోలేదు. ప్రతి ముడీ ఒకే కొలత, కొసలు ఒకే పొడుగున కోసి ఉన్నాయి. అలా ముడివేసే మనిషి ఈ వీధిలో ఒక్కడే.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఏడాదిపాటు వాల్వుని అనుమానించాడు, రంధ్రాన్ని అనుమానించాడు, గడ్డపాయన చెవుల్ని అనుమానించాడు. చూడ్డానికి బాగుండాలని రెండు తీగల్ని కలిపి కట్టిన చేతుల్ని మాత్రం అనుమానించలేదు.

కరెంటు తీసి, క్లిప్పు పెట్టి, ముప్ఫై లెక్కపెట్టి, మీటరు చూసుకుని, ముళ్లు ఒక్కొక్కటే కోశాడు. రెండో తీగని పీకేసి, పక్క తీగల ధ్వని అంటకుండా రాగి జల్లెడ తొడుగున్న కొత్త తీగని పెట్టె రెండో అంచు మీదుగా చుట్టుదారిలో వేసి, తొడుగు ఒక కొసని మాత్రమే ఎర్తుకి అంటించాడు. అందంగా లేదు. లోపలికి చూస్తే ఎవరో కొత్తగా నేర్చుకునేవాడు వేసినట్టుంది.

స్విచ్చి వేశాడు. జనరేటర్ నాలుగు వేల మీద పెట్టాడు. తెర మీద గీత వణక్కుండా తిన్నగా ఉంది.

“చెప్పవే,” అన్నాడు.

చెల్లెలు కళ్లు తెరవలేదు. “చెప్పడానికేం లేదన్నయ్యా. ఏమీ లేదు.”

*

ఐదింటికి గడ్డపాయన తాళ్లూ దుప్పటీ తెచ్చుకుని వచ్చాడు, మోసుకుపోవడానికి. మేస్త్రి గిటారు అందించాడు. గడ్డపాయన వెంట తెచ్చుకున్న పెడల్ తగిలించి, మూసి, పైతీగని గిల్లాడు. తల పక్కకి వంచాడు. గట్టిగా మీటాడు. పెడల్ తెరిచాడు, గది నిండా ధ్వని. మూశాడు, నిశ్శబ్దం. మళ్లీ తెరిచి మళ్లీ మూశాడు.

“పోయింది! మీ చెవులకి దణ్ణం పెట్టాలి మేస్త్రిగారూ.”

“నా చెవులు కాదు. ఇదిగో, మా చెల్లెలివి.” మేస్త్రి టాకాల కాడని స్టాండులో పెట్టాడు. “పొద్దున నిన్ను డాక్టరుకి చూపించుకోమన్నాను. చూపించుకోవాల్సింది నేనేనయ్యా. మూడుసార్లూ నాకు వినపడలేదు. తప్పు నేను కట్టిన తీగల్లోనే ఉంది. నాటకంలో ఆవిడ ఏడుస్తుంటే జనం నవ్వారన్నావే, అది నావల్లే. ఆవిడకి చెప్పు.”

గడ్డపాయన దుప్పటి మడత విప్పి మళ్లీ మడిచాడు. చివరికి మనసులో ఉన్నదే బయటికొచ్చింది.

“అయితే ఇకనుంచి దీన్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలండీ?”

మేస్త్రి దానికి జవాబుగా ఒక కాగితం తీసి, తీగల దారి బొమ్మ గీశాడు. కింద పెన్సిల్‌తో రాశాడు: ఈ రెండు తీగల్నీ కలిపి కట్టకూడదు. కట్టింది నేనే. కాగితాన్ని ఆంప్లిఫయర్ లోపలి చెక్కకి అంటించి, మూత బిగించాడు. నాలుగు మరలూ సమానంగా బిగిశాయో లేదో వేలితో తడిమి చూసుకున్నాడు.

సెట్టు వెళ్లిపోయాక బల్ల తుడిచాడు. చెల్లెలు ఖాళీ కాని డబ్బాకి మూత పెట్టింది. షాపు గుమ్మం దాటుతూ ఆయన, “వస్తానమ్మాయ్,” అన్నాడు. రోజూ వెళ్లేటప్పుడు అనే మాటే కాబట్టి అమ్మాయి లెక్క చూసుకుంటూనే తలూపింది.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అమ్మాయి ఇంటికి వెళ్తే, చెవి వెనక చిన్న యంత్రం పెట్టుకుని కూరగాయలు తరుగుతూ కనిపించాడు.

“మిషన్ పెట్టుకున్నారుగా బాబాయ్, వినపడుతోందిగా. వచ్చెయ్యండి.”

“మాటలు వినపడుతున్నాయమ్మాయ్,” అన్నాడాయన. “మా చెల్లెలి తిట్లు కూడా ఒక్కటీ పోవట్లేదు. మాటలకి చాలు.”

ఆవిడ ఇంకా రెండుసార్లు కబురు పంపింది. మూడోసారి పంపలేదు. నెల తిరిగాక, కొత్తగా దిగిన గిటార్లు పెట్టుకోవడానికి చోటు చాలక, వెనక గది తలుపు తీయించింది. మేకుల మీద వైర్లు చుట్టలు చుట్టినట్టే ఉన్నాయి. కిటికీ వెలుగు నేల దాకా పడుతోంది. కరెంటు కొట్టకుండా బల్ల కింద వేసుకున్న చెక్కపలక మీద, కాళ్లు ఇప్పుడే తీసినట్టు పక్కపక్కన, ఎడమ మడమ దగ్గర కాగితంలా అరిగిపోయిన, పనిలో వేసుకునే ఒక జత రబ్బరు చెప్పులు.